కరగని తెప్ప

మేస్త్రి పోయిన సంగతి నాకు పదిరోజులు ఆలస్యంగా తెలిసింది. కాలేజీ అయిపోయాక నరసన్నపేటలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఖాళీ చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు మా ఊరి ఫైబర్ మేస్త్రి కాడికి వచ్చీదానివి కాదేటి? ఆ మందుల డబ్బాలు అట్టుకొని?" అంది. అవునన్నాను. "పోనాడమ్మా. రేపే పెద్దకర్మ" అంది. ఇంతలో బస్సు వచ్చింది. ఆమె గంపెత్తుకుని ఎక్కేసింది. నేనెక్కాల్సిన బస్సూ అదే. నేను ఎక్కలేదు.

మర్నాడు పెద్దకర్మకి కూడా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేకపోయానో చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

మాది కోటబొమ్మాళి. వరి పండించుకునే ఇల్లు. సముద్రం దగ్గరే అయినా ఏడాదికోసారి స్నానానికి వెళ్లడం తప్ప దానితో మాకు పనిలేదు. ఫైబర్ తెప్పలంటే ఏమిటో నాకు పీహెచ్‌డీలో చేరాకే తెలిసింది. గాజుదారంతో చేసిన గుడ్డ పరిచి, దాని మీద రెసిన్ అనే జిగురు పూసి తెప్ప కడతారు. డబ్బాలో ఉన్నప్పుడు రెసిన్ తేనెలా ఉంటుంది. హార్డనర్ అనే గట్టిపరిచే మందు కలిపితే రెసిన్ లోపలి, కంటికి కనబడని పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని వలలా ముడిపడిపోతాయి. ఒకసారి ముడిపడితే ఇక అంతే. ప్లాస్టిక్ బిందె పగిలితే కరిగించి మళ్లీ బిందె పోయొచ్చు. తెప్పని వేడిచేస్తే మాడుతుందే తప్ప కరగదు. పాతిపెడితే మట్టి దాన్నేమీ చేయలేదు.

నా పరిశోధన ఆ ముడుల మీద. తెప్ప బతికినన్నాళ్లూ గట్టిగా ఉండాలి. పని తీరిపోయాక ఒక ద్రావణంలో ముంచితే ముడులు విడిపోవాలి. గాజుగుడ్డ గుడ్డగా, రెసిన్ రెసిన్‌గా వెనక్కి రావాలి. అలాంటి ప్లాస్టిక్‌ని తయారుచేయాలి. ల్యాబులో అరచేతి వెడల్పు పలకలు పోసి చూపిస్తే మా గైడు ఒప్పుకోలేదు. తెప్పలు కట్టేవాళ్ల చేతికిచ్చి పరీక్ష చేయించమన్నారు. అలా వెతుక్కుంటూ ఆ ఊరు వెళ్లాను.

ఆయన పేరుపెట్టి ఎవరూ పిలవరు. మేస్త్రి అంటే ఆయనే. ఇల్లూ, షెడ్డూ ఒకే దొడ్లో ఉండేవి. ఆ దొడ్లోకి వెళ్లాలంటే పక్కకి తిరిగి నడవాలి. దారికి రెండువైపులా పాడైపోయిన తెప్పలు బోర్లించి ఉండేవి. ఇరవై ముప్ఫై ఏళ్లలో ఆయన కట్టినవే. పగిలినా, చీలినా, ఇక అతుకు నిలవదన్నా సొంతదారులు లాక్కొచ్చి ఆయన దొడ్లోనే పడేసి పోయేవారు. కట్టినవాడే చూసుకోవాలన్నట్టు. ఇంటికి ముందువైపు సముద్రం ఏటా కొంత ఇసుక తినేస్తూ ముందుకొచ్చేది. వెనకవైపు తెప్పలు పెరుగుతూ ఉండేవి.

"నాను సేసినవే నన్ను సుట్టీసినాయమ్మా" అన్నాడు మొదటిరోజు. ఫిర్యాదులా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు.

అప్పటికే యాభై దాటిన మనిషి. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. చేతిగోళ్లు రెసిన్ పట్టి కొమ్ముల్లా పసుపురంగు తేలి ఉండేవి. వేలిముద్రలు అరిగిపోయాయి. రేషను కోసం మిషను మీద వేలు పెడితే పడేది కాదు. "సర్కారు లెక్కలో నాను నేను" అని నవ్వేవాడు, లేను అనే అర్థంలో. ఆ నవ్వు చివర ఎప్పుడూ దగ్గు వచ్చేది.

నేను తెచ్చిన పలక చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అంచుని పంటికింద పెట్టి కొరికాడు. తర్వాత సంగతేమిటని అడిగాడు. చెప్పాను. ముడులు విప్పొచ్చని చెప్పినప్పుడు మాత్రం తలెత్తి చూశాడు.

"మరి పాతోటి గూడా కరుగుతాదేటి?"

దొడ్లో ఉన్న తెప్పల గురించే అడుగుతున్నాడని అర్థమైంది. కరగవు. నా మందు నా ముడులనే విప్పుతుంది. వేరే రకంగా ముడిపడిన పాత తెప్పల్ని అది తాకను కూడా తాకదు. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు. కానీ ఆ మాటంటే ఈయన పలక తిరిగి చేతిలో పెట్టి పొమ్మంటాడేమోనని భయం వేసింది. ఫెలోషిప్పు గడువు దగ్గరపడుతోంది. అంతకుముందు ఇద్దరు మేస్త్రీలు నా మాటే వినలేదు.

"చూద్దాం మావా" అన్నాను.

"సరే అయితే. ఒగ్గీసి ఎల్లు" అన్నాడు పలకని చూరులో దోపుతూ.

ఆ తర్వాత దాదాపు మూడేళ్లు, నెలకి రెండుసార్లయినా వెళ్లేదాన్ని. నేను చదువుకున్న రసాయనశాస్త్రం ఆయనకి వేరే భాషలో తెలుసు. హార్డనర్ కలిపాక రెసిన్ వేడెక్కుతుంది. ఆయన దాన్ని "జొరం" అనేవాడు. పిల్లల నుదుటి మీద పెట్టినట్టు చెయ్యి తిరగేసి డబ్బాకి ఆనించి, "ఇంకా రానేదు... ఇంకా రానేదు... అదిగో, జొరం వచ్చీసినాది. ఇంక సెయ్యెట్టకు" అనేవాడు. నా గడియారంతో సరిచూసేదాన్ని. ఎప్పుడూ అరనిమిషం తేడా కూడా ఉండేది కాదు. నేను తెచ్చిచ్చిన మాస్కు మేకుకి తగిలించి, తువ్వాలే ముక్కుకి చుట్టుకునేవాడు. ఏదైనా బాగా కుదిరితే బాగుందనేవాడు కాదు. "సముద్రం సెప్పాల" అనేవాడు. తన పనికీ అదే మాట, నా పనికీ అదే మాట.

వాళ్లావిడ షెడ్డులోకి అడుగుపెట్టేది కాదు. టీ తెచ్చి గుమ్మం బయట పెట్టి, "టీ" అని వెళ్లిపోయేది. ఆమెని అత్తా అని పిలిచేదాన్ని. ఇంట్లో కూర్చోబెట్టి చేపల పులుసుతో అన్నం పెట్టేది. షెడ్డు ఊసు వస్తే మాత్రం లేచి ఇంకో పనిలోకి వెళ్లిపోయేది.

మొదటి రెసిన్‌తో ఒక వేసవిలో ఆయన తెప్ప మూత ఒకటి పోశాడు. వలలు పెట్టుకునే అర మీద వేసే మూత. చూడ్డానికి ఎంతో నున్నగా వచ్చింది. నేను ఫోటోలు తీసి మా గైడుకి పంపేశాను. మేస్త్రి దాన్ని రెండు ఇటుకల మీద అటూఇటూ ఆనించి, మధ్యలో బండరాయి పెట్టి, రోహిణికార్తె ఎండలో ఇసుక మీద వదిలేశాడు. వారం తర్వాత వెళ్తే నన్ను అక్కడికే తీసుకెళ్లాడు.

"సూడు."

మూత మధ్యలో కుంగిపోయింది. పగల్లేదు, చీలలేదు. మంచం నులక వదులైనట్టు కిందకి జారింది. ఎండ వేడికి ముడులు ఒకదాన్నొకటి వదిలి, పక్కదాన్ని పట్టుకుని మెల్లగా జరిగాయి.

"సముద్రం మీద ఇంత వేడి ఉండదు కదా మావా, నీళ్లు తగులుతూనే ఉంటాయి కదా" అన్నాను. సిగ్గుపడాల్సిన వాదన అది. నాకప్పుడు థీసిస్ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

ఆయన రాయి తీసి పక్కన పెట్టాడు. గొంతుక్కూర్చుని చాలాసేపు ఇసుకలో గీతలు గీశాడు.

"సూడు పాపా. ముడి ఇడాలంతన్నావు, బాగున్నాది. కానీ అడిగితేనే ఇడాల. ఎండ అడిగినా ఇడకూడదు. ఉప్పు అడిగినా ఇడకూడదు. అల కొట్టి అడిగినా ఇడకూడదు. మనిసి అడిగితేనే ఇడాల. మజ్జిలో ఇడిసీ ముడి ఉన్నాది సూడు, అది మనిసిని మింగుతాది."

అదే గొంతుతో అన్నాడు. "నా తెప్ప ఒకటి అలగే ఇడిసీసినాది. మీ అత్త తమ్ముడు పోనాడు."

ఆ రోజు తిరిగి వస్తున్నప్పుడు, వంటింటి పక్కన విడిగా పడి ఉన్న నీలంచారల తెప్ప మీద మొదటిసారి నా చూపు నిలిచింది. మిగతావాటి మీద గొడ్లకి గడ్డి ఆరబెట్టేవారు, వలలు పరిచేవారు. దాని మీద ఎవరూ ఏమీ వేయరు. అత్త నీళ్లకి వెళ్లాలంటే దాని పక్కనుంచి అడ్డదారిన నాలుగడుగులు. ఆమె ఇల్లు చుట్టూ తిరిగి వెళ్లేది. ఆమె తమ్ముడు పోయినప్పుడు అల ఒడ్డుకి తోసిన తెప్ప అది. ఆయన ఒకసారి కాల్చబోతే నల్లటి పొగ ఊరంతా కమ్మి జనం తిట్టిపోశారట. అంచు మాత్రం మాడింది. ఒకసారి తీరాన గొయ్యి తీసి పాతిపెడితే తర్వాతి ఏడు వచ్చిన తుపానుకి సముద్రం ఇసుక కోసేసి దాన్ని మళ్లీ బయట పెట్టిందట. ఇవన్నీ ఊళ్లోవాళ్లు చెప్పారు. ఆయన చెప్పలేదు.

ఆయన మాట నా నోటుపుస్తకం మొదటిపేజీలో రాసుకున్నాను. కుంగిన మూత ఫోటో థీసిస్‌లో పెట్టాల్సిందే అనుకున్నాను. ముడులు మార్చాను. వేడికి కదలనివి, ఉప్పునీటికి చలించనివి, ఒక రకం పులుపు ద్రావణంలో వెచ్చగా ముంచినప్పుడు మాత్రమే తెగేవి కావాలి. వాటికోసం ఏడాదిన్నర పట్టింది. ఫెలోషిప్పు అయిపోయింది. ట్యూషన్లు చెప్పుకుంటూ చేశాను. రెండో మూత వేసవిని తట్టుకుంది. ఆయన దాన్ని తన బావ కొడుకు తెప్పకి బిగించాడు. అది వానాకాలమంతా వేటకి వెళ్లింది, వచ్చింది. పుష్యమాసంలో దాన్ని ఊడదీసి, తడిచేత్తోనే పట్టుకుని, "సముద్రం ఏటీ అన్నేదు" అన్నాడు.

ఆ రోజే దాన్ని విప్పి చూపించాలని సామానంతా తెచ్చుకున్నాను. పొద్దున్నే షెడ్డులో స్టవ్వు మీద నీళ్ల గిన్నె, అందులో పెద్ద గాజు జాడీ. మూతలోంచి పలకంత ముక్క కోసి ద్రావణంలో వేశాం. ఇద్దరం ముక్కాలిపీటల మీద కూర్చున్నాం. గంట గడిచాక అంచులు మెత్తబడ్డాయి. ఇంకో గంటకి ముక్క పొరలు పొరలుగా విచ్చుకుంది. పట్టకారుతో పైకి తీసి నీళ్లలో జాడిస్తే తెల్లటి గాజుగుడ్డ. కొత్తదానిలాగే ఉంది.

ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని వెలుతురులో పెట్టి చూశాడు. "నానేసిన గుడ్డే" అన్నాడు. "ఇదిగో, ఈ మూల అడ్డంగా కోసినాను. నా కోతే." కళ్లలో నీళ్లు తిరిగాయి. నావైపు చూసి, "నీది మంచి సరుకు పాపా" అన్నాడు.

మూడేళ్లలో ఆయన దేన్నీ మంచిదనగా వినలేదు. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది.

ఆయన లుంగీ రొంటిలోంచి చిన్న గుడ్డమూట తీశాడు. విప్పితే బిస్కెట్టంత ఫైబర్ ముక్క. దాని మీద నీలం చార. ఎప్పుడు కోసి దాచుకున్నాడో! నన్నడగలేదు. జాడీలో వేసి, పీట ముందుకి జరుపుకుని కూర్చున్నాడు.

నేను చెప్పలేదు. ఒక గంటసేపు చెప్పలేదు. ఆయన మధ్యమధ్య వంగి చూసేవాడు. ముక్క అడుగున అలాగే ఉంది. అత్త టీ తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఎప్పటిలా వెళ్లిపోలేదు. గుమ్మం బయటే నిలబడి జాడీవైపు చూస్తోంది. ఆమెకి కూడా చెప్పి ఉంచాడని అప్పుడర్థమైంది.

"ఇదింకా ఎంతసేపు పడతాది?"

"అది కరగదు మావా."

"ఇంకాసేపు ఉంచితే?"

"ఎంతసేపుంచినా అంతే. దాని ముడులు వేరు."

"మందు మార్సితే?"

"దాన్ని విప్పాలంటే చాలా వేడి, చాలా ఒత్తిడి కావాలి. పెద్ద పెద్ద యంత్రాలు కావాలి. మన దగ్గర అవదు."

గుమ్మం దగ్గర అత్త లేదు. ఎప్పుడు వెళ్లిపోయిందో చూడలేదు. ఆయన స్టవ్వు ఆర్పాడు.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసినాది?"

అబద్ధం చెప్పడానికి దారి ఉంది. ఈమధ్యే తెలిసిందంటే నమ్మేవాడు. "మొదటిరోజే తెలుసు" అన్నాను.

ఆయన కోప్పడలేదు. పట్టకారుతో ముక్క బయటికి తీసి, నీళ్లలో కడిగి, తువ్వాలుతో తుడిచి, మళ్లీ గుడ్డలో చుట్టి రొంటిలో పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు ఆడు ఒడ్డు కాడ నిలబడి, 'బావా, అతుకు ఆరినాదా?' అనడిగినాడు. ఆరనేదని నాకు తెలుసు. వాన ముసురు. సెయ్యెట్టి సూసినాను, జొరం ఇంకా రానేదు. ఆడేమో తొందరపడతన్నాడు, మిగతా తెప్పలన్నీ ఎలిపోనాయి. 'పర్నేదు, ఎల్లు' అన్నాను." గొంతు సవరించుకున్నాడు. "మీ అత్తకి ఈ మాట నాను ఇప్పటికీ సెప్పనేదు. నిన్నేటని అనగలను పాపా? మూతి మీదకొచ్చిన మాట ఎంత సులువుగా బయటకొచ్చీస్తాదో నాకు తెల్దేటి?"

తిట్టి ఉంటే నేను మళ్లీ వెళ్లేదాన్ని. అలా అన్నందుకు వెళ్లలేకపోయాను.

థీసిస్ పూర్తయింది. ఆ రెసిన్ ఒక జర్నల్లో నాలుగు పేజీలయి కూర్చుంది. అంతకంటే ముందుకి వెళ్లలేదు. నరసన్నపేటలో కాలేజీ ఉద్యోగం దొరికింది. ఏడాదిన్నరపాటు ఆ ఊరు వెళ్లే ఆటోలు రోజూ నా ముందునుంచే పోయేవి. ఏదో పండక్కి ఫోన్ చేశాను. ఆయనే ఎత్తి "బాగున్నావేటి పాపా?" అని, మాట పూర్తవకుండానే దగ్గుతెర వచ్చి పెట్టేశాడు. మళ్లీ చేయలేదు.

పెద్దకర్మ అయిన వారానికి వెళ్లాను. దొడ్లోకి అడుగుపెట్టగానే నీలంచారల తెప్ప కోసం కళ్లు వెతికాయి. సగమే ఉంది. ముందు సగం లేదు. మిగిలిన సగం అంచు పళ్లుపళ్లుగా కోసి ఉంది. పక్కన గోడకానించి సిమెంటు సంచులు, మూతులు కట్టినవి, వరసగా ఉన్నాయి.

అత్త గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. పక్కన చోటు చూపించింది.

"నువ్వెలిపోనాక మూడోనాడు మొదలెట్టినాడు" అంది. "మిషనుతోటి కోస్తే పొడి ఊరంతా ఎగురుతాదని సేతిరంపంతోటి కోసినాడు. దినానికి ఇంత. అరసేయంత ముక్కలు సేసి సంచులకెత్తీవోడు. కరగకపోతే పోనీ, కనబడకుండా సేస్తానన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు ఆ పొడి పీల్సొద్దని సెప్పినాడు. వచ్చి మళ్లీ కూకున్నాడు."

"నావల్లే అత్తా. కరగదని ముందే చెప్పుంటే..." అన్నాను.

"నీవల్లనేటి? నువ్వు రాకముందునించీ దగ్గుతన్నాడు." సముద్రంవైపు తిరిగింది. "కొయ్యొద్దని నాను అనాల్సింది. నోటికాడికొచ్చీది. అంటే మానీసీవోడే. కానీ అది పోతే బాగుణ్ణని నాకూ ఉండీది. రంపం సప్పుడు ఇంటా, వంట సేసుకుంటా కూకున్నాను."

అంతలో ట్రాక్టరు చప్పుడు వినిపించింది. సముద్రపు కోత ఆపడానికి తీరం పొడుగునా రాళ్లు వేస్తారట. దానికోసం ఆ దొడ్లో తెప్పలన్నీ తీసేయాలని ఊరిపెద్దలు తీర్మానించారట. సరుగుడు తోటల అవతల గొయ్యి తీశారు. నలుగురు మగవాళ్లు దిగి తెప్పలకి గొలుసులు వేసి ఒక్కొక్కటీ లాగడం మొదలెట్టారు. ఇరవై ముప్ఫై ఏళ్లు ఎవరికీ పట్టని తెప్పలు రెండు గంటల్లో కదిలిపోయాయి. మట్టి కప్పితే అవి కనబడవు, అంతే. ఎన్నేళ్లయినా అలాగే ఉంటాయి. ఆ సంగతి వాళ్లకి చెప్పి మాత్రం ఏం లాభం?

ఆఖరికి నీలంచారల సగం దగ్గరికి వచ్చారు. ఒకతను గొలుసు పట్టుకుని అడిగాడు. "పిన్నీ, దీన్ని గూడా లాగీమంటావా? ఆ సంచులు గూడా ఎక్కించీస్తాం."

అత్త గట్టు మీంచి లేచింది.

"దాన్ని ముట్టుకోకండి."

"దారికి అడ్డం కదా పిన్నీ. నీకే ఇబ్బంది."

"ఉండనీ అన్నాను కదరా. నా తమ్ముడు అందులోనే పోనాడు. మా ఇంటాయన దానిమీదే పోనాడు. అట్టుకెల్లి ఎక్కడ పాతుతారు మీరు?"

వాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, గొలుసు చుట్టుకుని వెళ్లిపోయారు.

దొడ్డి ఒక్కసారిగా ఖాళీ అయింది. ఇంటి గుమ్మంలోంచి రోడ్డు దాకా అడ్డం లేకుండా కనిపిస్తోంది. అత్త ఆ ఖాళీవైపు చూడలేదు. మొదటి సంచి మూతి విప్పి, కోసిన ముక్కల్ని మిగిలిన సగం తెప్పలో కుమ్మరించింది. నీలం చారలున్న ముక్కలు, తెల్లవి, అంచు మాడినవి, గలగలమంటూ దొర్లాయి. రెండో సంచి బరువుగా ఉంది. నేను ఒక మూల పట్టాను. ఆమె వద్దనలేదు. ఇద్దరం మాట్లాడుకోకుండా సంచులన్నీ అందులో పోశాం. పైన టార్పాలిను కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాం.

ఆమె చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

"ఇంక బయల్దేరు తల్లీ. ఆటో ఎలిపోతాది" అంది.

రోడ్డుకేసి నడిచాను. ట్రాక్టరు లాక్కుపోయిన తెప్పలు ఇసుకలో లోతుగా చాళ్లు గీసి వెళ్లాయి. కొంతదూరం వెళ్లి వెనక్కి చూశాను. అత్త నీళ్లబిందె చంకనెత్తుకుని బయల్దేరింది. దొడ్డంతా ఖాళీగా ఉన్నా, ఇల్లు చుట్టూ తిరిగే వెళ్తోంది.